కండలో పుట్టే ఎముక: గుర్తింపు, నమోదు, సంకేతీకరణ – తెలుగు మాటల పరిశీలన (ఓడలరేవు పరిసరాల నేపథ్యం)

వ్యాససంగ్రహం:

దెబ్బ తగిలిన కాలి కండలో కొన్ని వారాల తరువాత నిజమైన ఎముక ఏర్పడడం వైద్యశాస్త్రం చాలాకాలంగా ఎరిగిన స్థితి. దీన్ని వైద్యులు ‘మయోసైటిస్ ఆసిఫికాన్స్’ అంటారు. ఇది తనంతట తాను చాలావరకు ప్రమాదకరం కాదు. కానీ దీన్ని ఎముక క్యాన్సరుగా, చీము గడ్డగా, సిరలో గడ్డకట్టిన రక్తంగా పొరబడే అవకాశం ఉంది. ఆ పొరపాటుకు చిత్రపరీక్షల పరిమితులు ఒక కారణమైతే, రోగి చెప్పిన మాటకూ వైద్యుడు రాసిన మాటకూ మధ్య ఉన్న దూరం మరొక కారణం. ఈ వ్యాసం ఆ స్థితి స్వరూపాన్ని, నిర్ధారణ క్రమాన్ని, అంతర్జాతీయ వ్యాధి వర్గీకరణలో దాని స్థానాన్ని వివరిస్తుంది. ‘కాలు’, ‘గడ్డ’, ‘నరం’, ‘సున్నం’ అనే నాలుగు తెలుగు మాటల అర్థవిస్తృతి వైద్య నమోదుపై చూపే ప్రభావాన్ని పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అస్థీభవనం, కాల్సీకరణం, వైద్య పరిభాష, రోగనిర్ధారణ, సంకేతీకరణ, కోనసీమ, ఓడలరేవు.

1. ఉపోద్ఘాతం:

గోదావరి పాయల్లో ఒకటైన వైనతేయ సముద్రంలో కలిసే చోట, అల్లవరం మండలంలో ఓడలరేవు ఉంది. ఒకవైపు నది, ఒకవైపు సముద్రం, వెనుక కొబ్బరితోటలు. చేపలవేట, పడవలను ఒడ్డుకు లాగడం, కొబ్బరిచెట్టెక్కి దింపు తీయడం, బస్తాలు మోయడం వంటి పనుల్లో కాళ్ళ కండరాలపై భారం ఎక్కువ. పండుగ రోజుల్లో ఆడే కబడ్డీలో తొడకు మోకాలి పోటు తగలడం సామాన్యం. ఇటువంటి దెబ్బలను జనం ‘కమిలింది’, ‘వాచింది’, ‘పట్టేసింది’ అన్న మాటలతో సరిపెడతారు. అధికశాతం దెబ్బలు రెండు మూడు వారాల్లో మానిపోతాయి కనుక ఆ మాటలు చాలుతాయి కూడా.

కానీ కొన్ని దెబ్బలు మానవు. వాపు తగ్గవలసిన సమయంలో కండ గట్టిపడుతుంది, మోకాలు మడవడం కష్టమవుతుంది, చేతికి రాయిలాంటిది తగులుతుంది. అప్పుడు రోగి ఆసుపత్రికి వస్తాడు. అక్కడ అతడు చెప్పే మొదటి వాక్యం నుంచి ఆసుపత్రి దస్త్రంలో చివరిగా పడే సంకేతం వరకు మూడు దశలున్నాయి. అవి గుర్తించడం, నమోదు చేయడం, సంకేతీకరించడం. ఈ మూడూ ఒకే గొలుసు. మొదటి కొక్కెం తెలుగు మాట. మిగిలిన గొలుసంతా దానికే వేలాడుతుంది. వైద్య పరిభాషను గురించిన చర్చ సాధారణంగా పాఠ్యపుస్తకాల అనువాదానికి పరిమితమవుతున్నది. రోగి మాట దస్త్రంగా మారే ప్రక్రియ కూడా భాషాధ్యయనానికి తగిన క్షేత్రమని చూపడం ఈ వ్యాసం లక్ష్యం. ఇందులో ఇచ్చిన రోగి ఉదాహరణ విషయ వివరణకోసం కల్పించినది.

2. కండలో ఎముక ఏర్పడే తీరు:

ఎముక అస్థిపంజరంలోనే పుట్టాలన్న నియమం శరీరానికి లేదు. 1965లో మార్షల్ ఉరిస్ట్ అనే అమెరికన్ శస్త్రవైద్యుడు ఖనిజాలు తొలగించిన ఎముక ముక్కలను జంతువుల కండరంలో ఉంచి, అక్కడ కొత్త ఎముక ఏర్పడడాన్ని నిరూపించాడు. ఎముకలోని కొన్ని ప్రొటీన్లు చుట్టూ ఉన్న కణాలను ఎముక కణాలుగా మారేలా ప్రేరేపిస్తాయని తరువాతి పరిశోధనలు వివరించాయి. అంటే ఎముక కట్టగల సామర్థ్యం ఉన్న కణాలు మెత్తని కణజాలంలోనూ ఉన్నాయి. వాటికి ప్రేరణ అందితే చాలు.

తొడకు బలమైన దెబ్బ తగిలినప్పుడు కండరపు పోగులు నలిగి లోపల రక్తం చేరుతుంది. శరీరం ఆ చోటును బాగుచేయడానికి పూనుకుంటుంది. సాధారణంగా అక్కడ కండ, మచ్చకణజాలం ఏర్పడతాయి. కొందరిలో బాగుచేసే ఆ ప్రక్రియ దారి తప్పి ఎముకను కడుతుంది. తొడ ముందుభాగపు కండరాల్లోనూ, మోచేతి పైభాగంలోనూ ఇది ఎక్కువగా కనిపిస్తుంది. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో తొడ కండరాలకు దెబ్బతిన్న విద్యార్థులపై 1991లో వెలువడిన అధ్యయనంలో సుమారు 9 శాతం మందిలో ఈ స్థితి ఏర్పడింది. దెబ్బ తీవ్రత, మోకాలు మడవగలిగే మేర తగ్గడం, మానకముందే మళ్ళీ అక్కడే దెబ్బ తగలడం ఈ ముప్పును పెంచుతాయి.

ఇక్కడే గ్రామీణ జీవితానికి నేరుగా సంబంధించిన అంశం ఒకటుంది. దెబ్బ తగిలిన తొలిరోజుల్లో నూనె రాసి గట్టిగా మర్దన చేయడం, బలవంతంగా కాలు వంచి సాగదీయడం నలిగిన కండను మళ్ళీ నలపడమే. అది రక్తస్రావాన్ని, తద్వారా ఎముక ఏర్పడే అవకాశాన్ని పెంచుతుందని వైద్యులు హెచ్చరిస్తారు. తొలి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, చల్లని కాపడం, మెత్తని కట్టు, కాలు ఎత్తులో ఉంచడం, తొడ దెబ్బలో మోకాలిని మడిచి ఉంచడం మేలు చేసే పద్ధతులు. తరువాత నొప్పి పుట్టని మేరకు మెల్లగా కదలికలు మొదలుపెడతారు. ప్రేమతో చేసిన మర్దనే హాని చేయగలదన్న ఈ సంగతి తెలియకపోవడం ఎవరి దోషమూ కాదు. చెప్పవలసిన భాషలో ఎవరూ చెప్పకపోవడమే కారణం.

3. ఒకే పేరు కింద భిన్న స్థితులు:

కండలో ఎముక ఏర్పడే స్థితులన్నీ ఒకటి కావు. కారణాన్ని బట్టి ప్రధానంగా నాలుగు రకాలను వేరుచేయాలి.

మొదటిది దెబ్బ వల్ల వచ్చేది. పైన వివరించినది ఇదే.

రెండవది పక్షవాతంతో కూడినది. వెన్నుపాము లేదా మెదడు దెబ్బతిన్నవారిలో, గాయానికి దిగువన, ముఖ్యంగా తుంటి, మోకాలి చుట్టూ ఎముక ఏర్పడుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో వెన్నుకు గాయాలైన సైనికుల్లో దీన్ని డెజెరిన్, సెయిలియే అనే ఫ్రెంచి వైద్యులు 1918లో వివరంగా వర్ణించారు. కోనసీమకు ఇది దూరపు విషయం కాదు. కొబ్బరిచెట్టు మీద నుంచి పడి వెన్నుపాము దెబ్బతినడం దక్షిణ భారతంలోని కొబ్బరి ప్రాంతాలకు తెలిసిన విషాదం. అలా మంచం పట్టిన వ్యక్తికి కొన్ని వారాల తరువాత తొడ మొదలు వాచి వేడెక్కితే, తుంటి కదలిక తగ్గితే, చీమో సిరలో రక్తపు గడ్డో అన్న అనుమానాలతో పాటు కొత్త ఎముక అన్న అనుమానం కూడా రావాలి. స్పర్శ లేని రోగి నొప్పి చెప్పలేడు. కనుక ఇక్కడ పరిచర్య చేసేవారి పరిశీలనే రోగి మాట అవుతుంది.

మూడవది తీవ్రంగా కాలిన గాయాల తరువాత వచ్చేది. ఇది మోచేతి దగ్గర ఎక్కువ.

నాల్గవది జన్యుసంబంధమైనది, అత్యంత అరుదైనది. దీన్ని నేడు ‘ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా’ అంటారు. పది ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుందని అంచనా. పుట్టుకతోనే కాలి బొటనవేళ్ళు పొట్టిగా, వంకరగా ఉండడం దీని ముఖ్య సూచన. బాల్యం నుంచే మెడ, వీపు కండరాల్లో వాపులు వచ్చి, అవి ఒక్కొక్కటిగా ఎముకగా మారి కీళ్ళను బిగించివేస్తాయి. దీనికి ఏసీవీఆర్1 అనే జన్యువులోని మార్పు కారణమని 2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకుల బృందం కనుగొంది. ఈ వ్యాధితో 1973లో మరణించిన హ్యారీ ఈస్ట్‌లాక్ అస్థిపంజరం ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉంది. ఈ పిల్లల్లో ముక్క తీసి పరీక్షించడం, శస్త్రచికిత్స, కండరానికి సూది వేయడం కూడా కొత్త ఎముకను పుట్టిస్తాయి. 138 మంది రోగులను పరిశీలించి 2005లో వెలువరించిన అధ్యయనంలో 87 శాతం మందికి మొదట తప్పు నిర్ధారణ జరిగిందని, 67 శాతం మంది అనవసరంగా కోతతో కూడిన పరీక్షలకు గురయ్యారని తేలింది. గడ్డ అని వచ్చిన పిల్లవాడి బొటనవేళ్ళను చూడడానికి ఖర్చేమీ లేదు. చూడకపోవడానికి చెల్లించే మూల్యం జీవితకాలపు కదలిక.

4. నిర్ధారణ – కాలమే కొలమానం:

దెబ్బ వల్ల వచ్చే కండరాస్థి రోజురోజుకూ రూపు మార్చుకుంటుంది. కనుక ‘ఏం కనిపించింది’ అన్న ప్రశ్నతో సమానంగా ‘దెబ్బ తగిలిన ఎన్నో రోజున కనిపించింది’ అన్న ప్రశ్నకు విలువ ఉంది.

తొలి రెండు వారాల్లో ఎక్స్‌రే తీస్తే మెత్తని వాపు తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. దాన్ని చూసి ‘ఏమీ లేదు’ అని రాయడం తొందరపాటు. ఈ దశలో అల్ట్రాసౌండ్ పరీక్ష కొంత ముందుగా మార్పును పట్టగలదు. మూడు నుంచి ఆరు వారాల మధ్య ఎక్స్‌రేలో మబ్బుతునకల వంటి తెల్లని నీడలు కనిపించడం మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు అంచులు స్పష్టమై, గుడ్డుపెంకులాంటి గట్టి చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టును సీటీ స్కాన్ బాగా చూపుతుంది. పూర్తిగా పరిపక్వం కావడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు పట్టవచ్చు.

నిర్ధారణలో కీలకమైనది పరిపక్వత దిశ. 1958లో అకెర్మన్ అనే రోగనిదాన శాస్త్రవేత్త దీన్ని వివరించాడు. కండలో పుట్టిన ఎముక అంచుల నుంచి లోపలికి పండుతుంది. అంచున గట్టి ఎముక, మధ్యలో ఇంకా లేతగా ఉన్న కణజాలం ఉంటాయి. ఎముక క్యాన్సరైన ఆస్టియోసార్కోమాలో ఇందుకు భిన్నంగా మధ్యభాగం గట్టిగా, అంచులు అస్పష్టంగా ఉంటాయి. అలాగే కండరాస్థికీ తొడ ఎముకకూ మధ్య సన్నని ఖాళీ గీత కనిపించడం క్యాన్సరు కాదనడానికి తోడ్పడే గుర్తు.

ఈ తేడా తొలివారాల్లో స్పష్టంగా ఉండదు. ఎంఆర్ఐ చిత్రంలో చుట్టూ ఉన్న వాపు భయపెట్టేలా కనిపిస్తుంది. అదే సమయంలో గడ్డ మధ్యనుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, చురుకుగా విభజన చెందుతున్న లేత కణాలు కనిపించి క్యాన్సరుగా భ్రమింపజేయగలవు. ఆస్టియోసార్కోమా కూడా మోకాలి పరిసరాల్లోనే, కౌమారంలోనే ఎక్కువగా రావడం ఈ చిక్కును పెంచుతుంది. రెండువైపులా ప్రమాదమే. లేని క్యాన్సరును ఉందనుకుంటే కాలికే ముప్పు, ఉన్న క్యాన్సరును దెబ్బగా కొట్టిపారేస్తే ప్రాణానికే ముప్పు. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేకపోయినా, రాత్రిపూట నొప్పి పెరుగుతున్నా, వారాలు గడిచేకొద్దీ గడ్డ తగ్గక పెరుగుతున్నా అనుమానాన్ని విడిచిపెట్టకూడదు. అనుమానం లేనిచోట మూడు నాలుగు వారాల వ్యవధిలో మళ్ళీ చిత్రం తీసి పోల్చడం తెలివైన మార్గం. కాలమే ఇక్కడ పరీక్షాపరికరం.

పిక్కలో వాపు వచ్చినప్పుడు మరొక జాగ్రత్త అవసరం. లోతైన సిరలో రక్తం గడ్డకట్టడం కూడా ఇలాగే వాపు, వేడి, నొప్పితో కనిపిస్తుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. డాప్లర్ పరీక్షతో దీన్ని ముందుగా తేల్చుకోవాలి.

చికిత్స విషయానికి వస్తే, దెబ్బ వల్ల వచ్చిన కండరాస్థిలో చాలామందికి శస్త్రచికిత్స అక్కరలేదు. కాలక్రమంలో నొప్పి తగ్గుతుంది, కొందరిలో ఎముక పరిమాణమూ తగ్గుతుంది. కదలికకు అడ్డుపడినప్పుడో, నాడిని నొక్కినప్పుడో తొలగిస్తారు. అదీ పూర్తిగా పండిన తరువాతే. లేతదశలో కోస్తే మళ్ళీ పెరిగే అవకాశం ఉంది.

5. నాలుగు మాటల కథ:

నిర్ధారణకు కావలసిన సమాచారంలో అధికభాగం రోగి నోటి నుంచే రావాలి. అది తెలుగులో వస్తుంది. అక్కడ నాలుగు మాటలు ప్రత్యేకంగా పరిశీలించదగినవి.

కాలు: తెలుగులో ‘కాలు’ తుంటి నుంచి వేలికొస దాకా వ్యాపించిన మాట. ‘కాలు మీద కాలు వేసుకున్నాడు’ అన్నప్పుడు తొడతో సహా మొత్తం అవయవం, ‘కాళ్ళు కడుక్కున్నాడు’ అన్నప్పుడు పాదాలు, ‘కాలికి ముల్లు గుచ్చుకుంది’ అన్నప్పుడు అరికాలు అర్థమవుతాయి. సందర్భం అర్థాన్ని నిర్ణయిస్తుంది. వైద్యశాస్త్రంలోని ‘లెగ్’ మాత్రం మోకాలికీ చీలమండకూ మధ్యభాగమే. తొడ వేరు, పాదం వేరు. రోగి ‘కాలు’ అంటే ‘లెగ్’ అని దస్త్రంలో రాసేస్తే తొడలోని గడ్డ పిక్కలోకి దిగిపోతుంది. తెలుగుకు మాటలు లేక కాదు. తొడ, మోకాలు, పిక్క, చీలమండ, మడమ, పాదం అన్నీ వాడుకలోనే ఉన్నాయి. ‘ఎక్కడ’ అని మరొక్కసారి అడగాలి, అంతే.

గడ్డ: ‘సెగ్గడ్డ’లో చీము, ‘రక్తం గడ్డకట్టింది’ అన్నప్పుడు రక్తపు ముద్ద, ‘పొట్టలో గడ్డ’ అన్నప్పుడు కణితి. పైన చెప్పిన నాలుగు స్థితులు, అంటే చీము, రక్తం, క్యాన్సరు, కొత్త ఎముక, అన్నీ తెలుగులో ‘గడ్డ’లే. రోగి దృష్టిలో ఇది లోపం కాదు. చేతికి తగిలినదాన్ని ఆ మాట సరిగ్గానే చెబుతున్నది. కారణాన్ని కాక ఆకారాన్ని చెప్పే మాట అది. వైద్యుడు దాన్ని ఆకారంగానే నమోదుచేసి, కారణాన్ని పరీక్షతో తేల్చాలి.

నరం: సిరనూ, నాడినీ, కండర బంధనాన్నీ ‘నరం’ అనడం వాడుక. సూదికి ‘నరం దొరకలేదు’ అంటే సిర. ‘నరాల బలహీనత’ అంటే నాడులు. ‘పిక్కలో నరం పట్టేసింది’ అంటే కండర సంకోచం. పిక్క వాపును తేల్చే సందర్భంలో ఈ మాటను ఏ అర్థంలో వాడారో తెలుసుకోకపోతే నాడి జబ్బుగా రాసిన కాగితం సిరలోని గడ్డను దాచివేయగలదు.

సున్నం: శరీరంలో కాల్షియం పేరుకోవడాన్ని ‘సున్నం చేరింది’ అని చెప్పడం ఉంది. కానీ కాల్సీకరణం వేరు, అస్థీభవనం వేరు. మొదటిది కణజాలంలో కాల్షియం లవణాలు పేరుకోవడం మాత్రమే. రెండవది కణాలతో, రక్తనాళాలతో, పొరల అమరికతో కూడిన నిజమైన ఎముక కట్టడం. గోడకు సున్నం పట్టడానికీ గోడ కట్టడానికీ ఉన్న తేడా ఇది. కింద చూపినట్లు, వర్గీకరణలో ఈ రెండింటికీ వేర్వేరు సంకేతాలున్నాయి.

శాస్త్రనామం విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. ‘మయోసైటిస్’ అంటే కండరశోథ. ఈ స్థితిలో శోథ ప్రధానం కాదని తేలినా పాత పేరు నిలిచిపోయింది. జన్యురూపానికి మాత్రం తరువాత పేరు మార్చారు. తెలుగులో ‘అస్థీకర కండరశోథ’ అని మక్కికిమక్కి అనువదిస్తే ఆ పాత పొరపాటు కొత్త భాషలోకి ప్రవేశిస్తుంది. ‘అభిఘాతజ కండరాస్థీభవనం’ అన్నది శాస్త్రగ్రంథాలకు, ‘దెబ్బ వల్ల కండలో ఎముక కట్టడం’ అన్నది రోగికి తగిన రూపాలు. సుశ్రుతసంహితలో అస్థిధాతువు వృద్ధి చెందినప్పటి లక్షణంగా ‘అధ్యస్థి’ ప్రస్తావన ఉంది. అది అదనపు ఎముకను సూచించేదే అయినా, కండరంలో పుట్టే ఎముకకు దాన్ని పర్యాయంగా వాడడం సరికాదు. ధాతుసిద్ధాంతంలో దాని అర్థం వేరు.

6. నమోదు – ఒక ఊహాత్మక ఉదాహరణ:

పందొమ్మిదేళ్ళ యువకుణ్ణి అతడి తల్లి ఆసుపత్రికి తీసుకువచ్చిందనుకుందాం. ఆమె ఇలా చెబుతుంది: “సంక్రాంతికి కబడ్డీ ఆడుతుంటే కాలికి దెబ్బ తగిలిందండీ. కమిలిపోయిందండీ. రోజూ నూనె రాసి బాగా తోమామండీ. ఇప్పుడు చూస్తే గడ్డ రాయిలాగా అయిపోయిందండీ, కాలు మడవలేకపోతున్నాడు.”

ఈ నాలుగైదు వాక్యాల్లో కాలం, కారణం, గాయం, మర్దన, ప్రస్తుత లక్షణం, కదలికలోపం అన్నీ ఉన్నాయి. లేనివి రెండే: కాలిలో ఏ భాగం, కుడా ఎడమా. దీన్ని దస్త్రంలో ‘కాలిలో గడ్డ, నొప్పి’ అని కుదిస్తే తల్లి ఇచ్చిన సమాచారంలో అధికభాగం పోతుంది. చదివే తరువాతి వైద్యుడికి అది క్యాన్సరు అనుమానంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

అదే సమాచారాన్ని ఇలా రాయవచ్చు: ‘కుడి తొడ ముందుభాగం. ఆరు వారాల క్రితం కబడ్డీలో మరొకరి మోకాలు తగిలింది. చర్మం తెగలేదు. మూడు వారాలు రోజూ మర్దన. గట్టి గడ్డ, వేడి లేదు, జ్వరం లేదు. మోకాలు 70 డిగ్రీలకు మించి మడవడం లేదు. రాత్రి నొప్పి లేదు. కాలి బొటనవేళ్ళు మామూలుగా ఉన్నాయి. ఎక్స్‌రేలో అంచున గట్టి చుట్టు, తొడ ఎముకతో అతుకు లేదు. నిర్ధారణ: దెబ్బ వల్ల కండరాస్థీభవనం.’ ఇందులో వైద్యుడు కొత్తగా అడిగినవి కొన్నే. మిగిలినదంతా తల్లి మాట. లేని లక్షణాలను ‘లేదు’ అని రాయడం కూడా నమోదులో భాగమే. రాయనిది అడగనిదానితో సమానం.

7. సంకేతీకరణ:

వ్యాధులకు అంతర్జాతీయ వర్గీకరణ 1893లో బెర్టియాన్ రూపొందించిన మరణకారణాల పట్టికతో మొదలైంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ పదవ కూర్పును 1990లో ఆమోదించింది. పదకొండవ కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదవ కూర్పు ఆధారంగా మరింత విస్తృతపరచిన రూపాన్ని అమెరికా 2015 అక్టోబరు 1 నుంచి వాడుతున్నది. హైదరాబాదు వంటి నగరాల్లో మెడికల్ కోడింగ్ ఉద్యోగాలు చేస్తున్న తెలుగు యువత నిత్యం చూసేది ఈ అమెరికా రూపాన్నే.

పదవ కూర్పులో కండరాల కాల్సీకరణం, అస్థీభవనాలకు ‘ఎం61’ అనే వర్గం ఉంది. దాని విభజన ఇది:

ఎం61.0 – దెబ్బ వల్ల వచ్చిన కండరాస్థీభవనం
ఎం61.1 – క్రమంగా పెరిగే జన్యుసంబంధ రూపం
ఎం61.2 – పక్షవాతంతో కూడినది
ఎం61.3 – కాలిన గాయాలతో కూడినది
ఎం61.4 – కండరాల ఇతర కాల్సీకరణం
ఎం61.5 – కండరాల ఇతర అస్థీభవనం
ఎం61.9 – వివరం పేర్కొననిది

ఈ పట్టిక మూడవ విభాగంలో చెప్పిన కారణభేదాలనే అనుసరిస్తున్నది. నాలుగు, ఐదు సంఖ్యల తేడా ‘సున్నం’, ‘ఎముక’ల తేడాయే. దీనికి శరీరభాగాన్ని తెలిపే అంకె చేరుతుంది: కటి, తొడ ప్రాంతానికి 5, మోకాలితో సహా దిగువకాలికి 6, చీలమండ, పాదాలకు 7. అమెరికా రూపంలో ఆపైన కుడికి 1, ఎడమకు 2 చేరుతాయి. కనుక పై ఉదాహరణలోని యువకుడి సంకేతం ‘ఎం61.051’ అవుతుంది. అదే గడ్డను ‘కుడి లెగ్’ అని రాసి ఉంటే ‘ఎం61.061’ అయ్యేది. ఒక్క అంకె తేడా. ‘కాలు’ అన్న మాటను విప్పకపోవడం వల్ల వచ్చిన తేడా.

సంకేతం కాలాన్ని బట్టి మారుతుందన్నది మరొక ముఖ్యాంశం. దెబ్బ తగిలిన రోజున అది తొడ నలుగుడు. దాని సంకేతం గాయాల అధ్యాయంలోని ‘ఎస్70.1’. కండలో ఎముక నిర్ధారణ అయిన తరువాత అది కండరాలు, ఎముకల అధ్యాయంలోని ‘ఎం61.0’ కిందికి వస్తుంది. గాయం ఎలా జరిగిందన్నదానికి వేరే సంకేతాలున్నాయి. చెట్టు మీద నుంచి పడడానికి ‘డబ్ల్యూ14’, మరొక వ్యక్తి తగలడానికి ‘డబ్ల్యూ51’. ఈ బాహ్యకారణ సంకేతాన్ని విడిచిపెడితే కొబ్బరిచెట్టు గణాంకాల్లోంచి మాయమవుతుంది. చెట్టెక్కేవారి రక్షణకు సాధనాలు కావాలని అడగడానికి ఆధారమూ మాయమవుతుంది.

సంకేతకర్త ఊహించకూడదన్నది ఈ వృత్తిలోని మూలసూత్రం. వైద్యుడు ‘దెబ్బ వల్ల’ అని రాయకపోతే ఎక్స్‌రే నివేదిక చదివి సంకేతకర్త దాన్ని చేర్చకూడదు, అడిగి తెలుసుకోవాలి. అమెరికా నియమాల ప్రకారం బయటిరోగుల విభాగంలో ‘అనుమానం’ అని రాసిన జబ్బును ఉన్నట్లుగా సంకేతీకరించరాదు. అప్పటికి కనిపిస్తున్న లక్షణాన్నే చూపాలి. కాలిలో వాపు లేదా గడ్డకు ‘ఆర్22.4’ ఉంది. ‘క్యాన్సరు కావచ్చు’ అన్న మాటను ‘సీ40.2’గా, అంటే కాలి పొడవు ఎముకల క్యాన్సరుగా మార్చితే ఆ రోగి దస్త్రంలో లేని క్యాన్సరు స్థిరపడుతుంది. తరువాతి వైద్యుడూ, బీమా సంస్థా దాన్నే చదువుతాయి.

8. తెలుగునేలపై పోల్చదగిన స్థితి – ఫ్లోరోసిస్:

ఎముక ఉండవలసిన చోటు దాటి పెరగడానికి తెలుగువారికి బాగా తెలిసిన ఉదాహరణ అస్థిసంబంధ ఫ్లోరోసిస్. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో దీన్ని గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రచురించిన పరిశీలనలు భారతదేశంలో ఈ వ్యాధి అధ్యయనానికి ఆరంభం. తరువాత నల్లగొండ, ప్రకాశం ప్రాంతాలు దీనివల్ల విఖ్యాతమయ్యాయి. తాగునీటిలోని అధిక ఫ్లోరైడు వల్ల ఏళ్ళ తరబడి ఎముక దట్టమై, స్నాయువులు, కండరాలు ఎముకకు అంటుకునే చోట్లు, ముంజేతిలోనూ దిగువకాలిలోనూ జంట ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడతాయి.

ఎక్స్‌రేలో రెండూ ‘అదనపు ఎముక’గానే కనిపించవచ్చు. కానీ దెబ్బ వల్ల వచ్చినది ఒకచోట, కొన్ని వారాల్లో వస్తుంది. ఫ్లోరోసిస్ శరీరమంతటా, సంవత్సరాల్లో వస్తుంది. దాని సంకేతం కూడా వేరు, ‘ఎం85.1’. రోగి ఎక్కడ పుట్టి పెరిగాడు, ఏ నీరు ఎన్నాళ్ళు తాగాడు అన్న ప్రశ్నలు నమోదులో ఉంటేనే ఈ భేదం తేలుతుంది. కోనసీమలో పనికోసం స్థిరపడిన వ్యక్తి బాల్యం ఫ్లోరైడు పీడిత గ్రామంలో గడిచి ఉండవచ్చు. చిరునామా ఒక్కటే చాలదు, జీవనచరిత్ర కావాలి.

9. ముగింపు:

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• కాలి కండలో ఎముక ఏర్పడడాన్ని నిర్ధారించడంలో దెబ్బ తగిలిన తేదీకి ఎక్స్‌రేతో సమానమైన విలువ ఉంది. తేదీ లేని చిత్రం దారి తప్పించగలదు.

• ‘కాలు’, ‘గడ్డ’, ‘నరం’, ‘సున్నం’ వంటి మాటల విస్తృతార్థం తెలుగు బలహీనత కాదు. అవి అనుభవాన్ని చెప్పే మాటలు. వాటిని విప్పి అడగవలసిన బాధ్యత నమోదు చేసేవారిది.

• దెబ్బ తగిలిన తొలిరోజుల్లో మర్దన చేయరాదన్న హెచ్చరిక, గడ్డ ఉన్న పిల్లల బొటనవేళ్ళు చూడాలన్న సూచన, ఈ రెండూ ఆశా కార్యకర్తల నుంచి వ్యాయామ ఉపాధ్యాయుల వరకు అందరికీ తెలుగులో అందవలసినవి.

• సంకేతం ఎంత సూక్ష్మమైనా దాని సత్యం మొదటి వాక్యపు సత్యాన్ని మించదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి నాటి నుంచి శాస్త్రపరిభాషా నిర్మాణం ప్రధానంగా పాఠ్యగ్రంథాల అవసరాలకోసం జరిగింది. ఆసుపత్రిలో రోగి చెప్పే మాటలను ప్రాంతాలవారీగా సేకరించి, ఒక్కొక్క మాటకు వైద్యుడు అడగవలసిన తదుపరి ప్రశ్నను జతచేసిన నిఘంటువు తెలుగుశాఖలూ వైద్యకళాశాలలూ కలిసి చేపట్టదగిన పని. అటువంటి నిఘంటువులో ‘కాలు’ అన్న ఆరోపానికి ఎదురుగా ఉండవలసిన మొదటి ప్రశ్న చాలా చిన్నది: ‘కాలిలో ఎక్కడండీ?’